పేరులేని ఊళ్ళో ఆరుగురు

మన అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పే కథల్లో ఊళ్ళకి పేర్లుండవు. "అనగా అనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక పేదరాసి పెద్దమ్మ" అంటే చాలు, పక్కలో పడుకున్న పిల్లలు ఊఁ కొట్టేస్తారు. ఆ ఊరు ఏ జిల్లాలో ఉంది, అక్కడికి బస్సులో వెళ్ళాలా రైల్లో వెళ్ళాలా అని ఏ పిల్లా అడగదు. రాక్షసుడొచ్చి రోజుకొక మనిషిని తిని పోతున్నాడని చెప్పినా సరే, కాసేపు భయపడి, దుప్పటి ముసుగేసుకుని హాయిగా నిద్రపోతారు. తినబడ్డవాళ్ళకి పేర్లు లేకపోబట్టే ఆ నిద్ర పడుతుందేమోనని నా అనుమానం.

పెద్దవాళ్ళ కోసం రాసే నవలల్లో కూడా ఒక్కొక్కసారి ఇలాంటి పేరులేని దేశం తటస్థపడుతుంది. పరాయి సైన్యం వస్తుంది, ఊరిని ఆక్రమిస్తుంది, జనాన్ని కాల్చి చంపుతుంది. అంతా చెప్పి, అది ఏ దేశమో మాత్రం రచయిత చెప్పడు. ఇది ధైర్యమా, దాటవెయ్యడమా? ఈ సంగతి ఆలోచించడానికి జాన్ స్టైన్‌బెక్ 1942లో రాసిన 'ది మూన్ ఈజ్ డౌన్' కన్న మంచి పుస్తకం నాకు కనబడలేదు. స్టైన్‌బెక్ అనగానే అందరికీ 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' గుర్తొస్తుంది. 1962లో ఆయనకి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఇది మాత్రం చిన్న పుస్తకం. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కూర్చుంటే, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా చాలా భాగం అయిపోతుంది. 'చంద్రుడు దిగిపోయాడు' అనే ఆ పేరు షేక్స్పియర్ 'మాక్బెత్' లోది. ఇంటికి అతిథిగా వచ్చిన రాజును ఆ ఇంటివాళ్ళే చంపబోయే రాత్రి, ఆకాశం చూసి ఒక కుర్రవాడు అనే మాట. ఇక్కడ వరస తిరగబడింది. ఇంటికి వచ్చినవాళ్ళే చంపుతారు.

కథ ఆదివారం పొద్దున్న మొదలవుతుంది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. బొగ్గు గని ఉంది, రేవుంది. ఊరి కాపలాకి ఉన్న సైన్యమంతా కలిపి పన్నెండుమంది కుర్రాళ్ళు. కోరెల్ అని ఆ ఊళ్ళో ఒక దుకాణందారుడు, అందరికీ కావలసినవాడు. ఆ రోజు కొండల మీద తుపాకీ పోటీ ఏర్పాటు చేశాడు. ఫలహారం ఆయనదే, తూటాలు ఆయనవే, బహుమతులూ ఆయనవే. ఊళ్ళో ఉన్న పోలీసు, పోస్ట్‌మాన్ కూడా ఆయన పడవ పుచ్చుకుని చేపల వేటకి వెళ్ళారు. ఎంత మంచివాడో అనుకుంటాం కదా! ఆ మంచితనమంతా శత్రువుకి తలుపు తీసి పెట్టడానికే. విమానాలు, పారాచూట్లు చూసి కుర్రాళ్ళు పరుగున వెనక్కి వచ్చేసరికి రోడ్డు మీద మరతుపాకులు సిద్ధంగా ఉన్నాయి. ఆరుగురు చచ్చిపోయారు, ముగ్గురు కొన ఊపిరితో మిగిలారు, ముగ్గురు తుపాకులతో కొండల్లోకి పారిపోయారు. పదకొండు గంటలు కాకుండానే యుద్ధం ముగిసింది, కూడలిలో శత్రువుల బ్యాండు మోగింది.

ఇదంతా మొదటి ఒకటి రెండు పేజీల్లోనే చెప్పేస్తాడు. తక్షణమే మనని మేయరుగారి డ్రాయింగు రూములోకి తీసుకుపోతాడు. నాకు ఈ పుస్తకంలో నచ్చినదంతా ఆ గదిలో మొదలవుతుంది, నచ్చనిదీ అక్కడే మొదలవుతుంది.

ముందు నచ్చినది చెబుతాను. ఊరు పోయింది, కుర్రాళ్ళు పోయారు, శత్రువుల కల్నలు పదకొండు గంటలకి వచ్చి మాట్లాడతానని కబురు చేశాడు. అప్పుడు మేయరుగారి భార్య ఏం చేస్తోందనుకున్నారు? మొగుడిని కూర్చోబెట్టి ఆయన చెవుల్లో పెరిగిన వెంట్రుకలు సరిచేస్తోంది. వచ్చేవాళ్ళకి టీ ఇవ్వాలా, ద్రాక్షసారా ఇవ్వాలా అని కంగారు పడుతోంది. ఇంటికి ఎవరొచ్చినా ఏదో ఒకటి ఇవ్వకుండా పంపకూడదని పెరిగిన మనిషి. వచ్చేవాడు ఊరిని మింగినవాడు. ఏ మర్యాద పుస్తకంలో ఉంటుంది దీనికి జవాబు? ఈ దృశ్యం చదివి, ఆవిడకి బుద్ధి లేదని నవ్వుకునే మగవాళ్ళుంటారు. నాకు నవ్వు రాలేదు. కాళ్ళ కింద నేల కదిలిపోయినప్పుడు ఆడది మొదట చేతికి అలవాటైన పనిని పట్టుకుంటుంది. చావు వార్త వచ్చిన ఇంట్లో కూడా ఎవరో ఒకరు పొయ్యి మీద పాలు పొంగిపోకుండా చూడటం లేదూ?

వంటింట్లో ఆనీ ఉంది. కోపిష్ఠి వంటమనిషి. దొడ్డివైపు వసారాలో సైనికులు నించుని తన వంటింట్లోకి తొంగిచూస్తున్నారని ఆవిడకి మంట. మరుగుతున్న నీళ్ళు తెచ్చి వాళ్ళ మీద కుమ్మరిస్తుంది. ఆ దేశంలో జరిగిన మొట్టమొదటి తిరుగుబాటు ఇదే, ఒక గిన్నెడు వేడినీళ్ళు. రాజకీయాలు తెలిసి చేసిన పని కాదు. తన వసారాలో వాళ్ళెందుకు నించోవాలి, అంతే. పరాయి పాలన అంటే ఏమిటో పెద్ద పెద్ద ఉపన్యాసాల్లో చెప్పేదానికన్న ఇది నాకు బాగా అర్థమైంది.

ఇక కల్నలు లాన్సరు. ఈయన వల్లే అప్పట్లో అమెరికాలో పెద్ద రభస జరిగింది. లాన్సరు ముసలివాడు, అలసిపోయినవాడు, మర్యాదస్తుడు. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియంలోనూ ఫ్రాన్సులోనూ ఇలాగే ఊళ్ళు ఆక్రమించిన అనుభవం ఉంది. ఆక్రమించినచోట ఏం జరుగుతుందో, చివరికి ఏమవుతుందో ఆయనకి తెలుసు. జర్మనులు అన్న మాటా, హిట్లర్ పేరూ పుస్తకంలో ఎక్కడా లేవు; 'నాయకుడు' అని ఊరుకుంటాడు. శత్రువు ఆఫీసర్లు ఒక్కొక్కరికీ ఒక్కొక్క చిత్రం గీస్తాడు. ఇంజనీరు హంటరుకి లెక్కల పిచ్చి, బెంటిక్‌కి ఇంగ్లీషువాళ్ళన్నా వాళ్ళ కుక్కలన్నా మోజు, లాఫ్టుకి పదోన్నతి తప్ప వేరే ధ్యాస లేదు, కుర్ర లెఫ్టినెంటు టాండరు కవిత్వపు మనిషి. యుద్ధం మధ్యలో శత్రువులని ఇలా మనుషులుగా చూపిస్తాడా అని జేమ్స్ థర్బర్, క్లిఫ్టన్ ఫాడిమన్ లాంటి విమర్శకులు స్టైన్‌బెక్ మీద విరుచుకుపడ్డారు. మెత్తగా రాశాడని వాళ్ళ ఫిర్యాదు.

ఆ ఫిర్యాదు నేను ఒప్పుకోను. కోరలూ కొమ్ములూ ఉన్నవాడు చంపితే మనకి పెద్ద ఆశ్చర్యం ఉండదు, వాడి పని అదే. లాన్సరు అలా కాదు. ఇది అన్యాయమని తెలుసు, అనవసరమనీ తెలుసు, దీనివల్ల తనవాళ్ళే ఒక్కొక్కరూ చస్తారనీ తెలుసు. తెలిసీ ఆజ్ఞ మీద సంతకం పెడతాడు. గుమ్మంలో చుట్టంలా నించుని, కూర్చోవచ్చా అని అడిగి మరీ కూర్చుని, మర్నాడు ఒక మనిషిని కాల్చే సంగతి మాట్లాడతాడు. రాక్షసుడికన్న ఇతనే నన్ను ఎక్కువ భయపెట్టాడు.

ఈ లాన్సరే ఒక చోట కోరెల్‌కి పాత సంగతొకటి చెబుతాడు. బ్రస్సెల్సులో ఒక ముసలావిడ, నెరిసిన జుట్టు, ముద్దొచ్చే మొహం, చిన్న మనిషి. సైనికులకి వాళ్ళ పాటలే వణికే గొంతుతో పాడి వినిపించేది. ఆవిడ కొడుకుని తామే చంపించామని వీళ్ళకి తెలియదు. చివరికి ఆవిడని పట్టుకుని కాల్చేనాటికి పన్నెండుమందిని చంపింది, టోపీకి పెట్టుకునే పొడుగాటి పిన్నుతో. ఆ పిన్ను కల్నలు ఇంకా ఇంట్లో దాచుకున్నాడట. గబగబా చదివితే ఏదో పిట్టకథ అనిపిస్తుంది. కాని ఆ పిన్ను ఎందుకు పెట్టాడో కొన్ని అధ్యాయాల తర్వాత తెలుస్తుంది. అక్కడికి వస్తాను.

గనిలో పని చెయ్యమని బలవంతపెట్టినప్పుడు అలెక్స్ మోర్డెన్ అనే గని కార్మికుడు గునపం లాంటి పనిముట్టు ఎత్తి లాఫ్టు మీద విసురుతాడు. అడ్డం వచ్చిన బెంటిక్ చచ్చిపోతాడు. అలెక్స్‌ని కాల్చాలి. కాని ఆ శిక్ష మేయరు నోటి ద్వారా రావాలని కల్నలు కోరిక. చట్టప్రకారం జరిగినట్టు ఉండాలి కదా! అప్పుడు మేయరు ఆర్డెన్ ఒక లెక్క అడుగుతాడు. మీరు వచ్చిన రోజున మా కుర్రాళ్ళు ఆరుగురిని చంపారు, ఆ తుపాకుల దగ్గర ఎంతమంది ఉన్నారంటాడు. ఇరవైమందికి మించరంటాడు కల్నలు. ఆ ఇరవైమందినీ మీరు కాల్చండి, అలెక్స్‌కి నేను శిక్ష వేస్తానంటాడు మేయరు. అది ఎలా కుదురుతుంది అంటాడు కల్నలు. కుదరదని మేయరుకీ తెలుసు.

పుస్తకం మొత్తానికి ఇదే గట్టి ఘట్టం. చంపడం అనేది ఎవరు చేస్తే నేరం, ఎవరు చేస్తే యుద్ధం? ఒక ప్రాణానికి కోర్టు, విచారణ, శిక్ష, ఆరు ప్రాణాలకి ఏమీ లేదు. గొంతు పెంచకుండా, బజారులో బేరమాడినట్టు మేయరు అడిగిన ఆ ప్రశ్నకి జవాబు చెప్పిన సైన్యం నాకు చరిత్రలో కనబడలేదు.

ఇక్కడే నా ఫిర్యాదు కూడా. ఆ ఆరుగురూ ఎవరు? చచ్చిన బెంటిక్‌కి పేరుంది, మీసం ఉంది, ఇష్టమైన కుక్కల జాతి కూడా ఉంది. ఆరుగురు కుర్రాళ్ళకి పేరైనా లేదు. వాళ్ళ శవాలని కొండదారి మీద నుంచి ఎవరు తెచ్చారు? ఏ ఇంటి గుమ్మం ముందు దింపారు? ఆ ఉదయం పోటీకి వెళ్తూ ఒక్కడైనా తల్లితో ఏదో అని ఉంటాడు కదా, అదేమిటి? పుస్తకం పొడుగునా వాళ్ళొక అంకె. మేయరు వాదనకి పనికొచ్చే అంకె. కూడలిలో అలెక్స్‌ని కాల్చడం కూడా మనం చూడం. తుపాకుల చప్పుడు కిటికీలోంచి వినబడుతుంది, అంతే. దీనికి సాంకేతికమైన కారణం ఒకటుంది. స్టైన్‌బెక్ దీన్ని నాటకంగా ఆడటానికి వీలుగా రాశాడు. పుస్తకం మార్చిలో వస్తే ఏప్రిల్లోనే బ్రాడ్వేలో నాటకం కట్టారు. అందుకని కథంతా గదుల్లోనే నడుస్తుంది: మేయరు గది, ఆఫీసర్ల గది, అలెక్స్ భార్య చిన్న ఇల్లు. చావు ఎప్పుడూ గోడకి అవతలే. రంగస్థలానికి అది సౌకర్యం. ఊళ్ళోవాళ్ళకి అంత సౌకర్యం ఉండదు.

మనకి అమృత్‌సర్ ఉంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో చనిపోయినవారు 379 మంది అని ప్రభుత్వం వేసిన హంటర్ కమిటీ రాసింది. అంతకన్న చాలా ఎక్కువమంది అని కాంగ్రెసు చెప్పింది. ఆ అంకెల తగాదా ఎంత చదివినా నాకు ఆ రాత్రి కళ్ళకి కట్టలేదు. రతన్ దేవి అనే ఆవిడ ఇచ్చిన వాఙ్మూలం చదివితే కట్టింది. కర్ఫ్యూ వల్ల శవాన్ని మోసే మనిషి దొరక్క, కుక్కలు దగ్గరికి రాకుండా చేతిలో కర్ర పట్టుకుని, రాత్రంతా భర్త శవం పక్కనే కూర్చుంది. దగ్గర్లో దెబ్బ తగిలి పడి ఉన్న పన్నెండేళ్ళ పిల్లవాడు తనని వదిలి వెళ్ళొద్దని బతిమాలాడు. మంచినీళ్ళడిగాడు. నీళ్ళు లేవు. స్టైన్‌బెక్ నవలలో గోడకి అవతల ఉండిపోయింది ఇదీ.

అలాగని ఆయనకి ఆడవాళ్ళ సంగతి తెలియదని కాదు. అలెక్స్ భార్య మాలీ ఉన్న అధ్యాయం ఈ పుస్తకానికి ప్రాణం. పెళ్ళికి ముందు బడిపంతులమ్మగా చేసిన అమ్మాయి. మొగుడు పోయాక ఒంటరిగా, మంచు కురిసే రాత్రుల్లో, దీపం ముందు కూర్చుని అల్లిక అల్లుతూ ఉంటుంది. ఒక రాత్రి టాండరు తలుపు కొడతాడు. ఊళ్ళో ఒక్కరూ వాళ్ళతో మాట్లాడరు, ఒక్కరూ మొహమెత్తి చూడరు. ఆ మౌనానికి కుర్రవాడికి పిచ్చెక్కుతోంది. కాసేపు యుద్ధం మాట మర్చిపోయి మనుషుల్లా కబుర్లు చెప్పుకుందామని వచ్చాడు. పద్యం కూడా పట్టుకొచ్చాడు. మాలీకి ఆకలి. తనకి రెండు సాసేజీలు కావాలని సూటిగా అంటుంది. కుర్రవాడి మొహం చిన్నబోతుంది. తాను ప్రేమ అనుకుంటున్నదాన్ని ఆవిడ బేరంగా మార్చేసిందని బాధ! కడుపు కాలుతున్న మనిషి ముందు కవిత్వం చదవడం ఎంత అసహ్యమైన పనో అతనికి తోచదు. తన మొగుణ్ణి మీరే కాల్చారని ఆవిడ చెప్పవలసి వస్తుంది.

అతను వెళ్ళిపోయి, మళ్ళీ అదే రాత్రి వచ్చి తలుపు తడతాడు. ఈలోగా ఆ ఇంట్లో పెద్దలు కూడారు, ఇద్దరు కుర్రాళ్ళని రహస్యంగా పడవలో ఇంగ్లండు పంపే ఏర్పాటు జరిగింది. అందరూ వెళ్ళిపోయారు. మాలీ ఒక్కర్తే. బల్ల మీద అల్లిక సామాను, పక్కనే పెద్ద కత్తెర. దాన్ని తీసి బట్టల్లో దాచుకుంటుంది. వస్తున్నానని పలికి తలుపు వైపు నడుస్తుంది. అధ్యాయం అక్కడ ఆగిపోతుంది. తర్వాత కథలో ఆ లెఫ్టినెంటు లేడు.

చూశారా, బ్రస్సెల్సు ముసలావిడ టోపీ పిన్ను ఎక్కడికి వచ్చి చేరిందో! తలలో పెట్టుకునేదొకటి, నూలు కత్తిరించుకునేదొకటి. తోసేసుకుంటూ వచ్చిన సైన్యం ఇంట్లో ఉన్న తుపాకులన్నీ పట్టుకుపోతుంది గాని కుట్టుపెట్టెలు సోదా చెయ్యాలని దానికి తోచదు.

ఆ తలుపు మూసెయ్యడం కళ అని చాలామంది మెచ్చుకున్నారు. నేను కూడా మొదటిసారి చదివినప్పుడు ఊపిరి బిగబట్టిన మాట నిజమే. కాని ఆ తలుపు వెనకాల మాలీ ఎలా ఉంది? మనిషిని పొడవడం అంత సులువా? ఆకలితో ఉన్న చిన్న మనిషి, చేతిలో కత్తెర, ఎదురుగా మొగుణ్ణి చంపినవాళ్ళ తాలూకు కుర్రాడు, అతనూ ఎవరి కొడుకో. ఆ తర్వాత చేతులు ఏ నీళ్ళతో కడుక్కుంది? ఆ రాత్రి అక్కణ్ణుంచి ఎలా నడిచిపోయింది? గుమ్మం దాకా తీసుకువచ్చిన రచయిత మనని బయటే నిలబెట్టేశాడు. ఒక ఆడది రాసి ఉంటే ఆ గదిలోకి వెళ్ళేదేమో అనిపిస్తుంది.

ఇంతకీ దేశానికి పేరెందుకు పెట్టలేదు? దీని వెనక ఒక చిత్రమైన కథ ఉంది. మొదట స్టైన్‌బెక్ దీన్ని ఒక అమెరికా ఊరిలోనే జరిగినట్టు రాశాడు. అప్పట్లో ఆయన పని చేస్తున్న ప్రభుత్వ సమాచార శాఖవాళ్ళు ఒప్పుకోలేదు. అమెరికా ఓడిపోతుందనే ఊహే జనం మనసులో పడకూడదన్నారు. అప్పుడు ఊరిని తీసుకుపోయి ఏ పేరూ లేని చలిదేశంలో పెట్టాడు. నార్వే అనుకుంటే నార్వే, డెన్మార్క్ అనుకుంటే డెన్మార్క్. కాబట్టి పేరు లేకపోవడం పూర్తిగా కళాదృష్టితో చేసిన పని కాదు, కొంత ఆఫీసు వ్యవహారం కూడా. ఇంట్లో ఏదైనా అశుభం మాట వస్తే "మనింట్లో కాదు, ఎక్కడో" అని సర్దుకుంటాం చూడండి, సరిగ్గా అదే.

కాని ఆ 'ఎక్కడో' అన్న చోట నివసించేవాళ్ళు పుస్తకాన్ని ఎలా అందుకున్నారో తెలిస్తే, అమెరికా విమర్శకుల మెత్తదనం గొడవ వెలవెలపోతుంది. స్వీడన్‌లో అచ్చువేసి నార్వేలోకి దొంగచాటుగా చేరవేశారు. డెన్మార్కులో రహస్యంగా అనువదించి ప్రతులు తీసి పంచారు. హాలండులో 1944లో రహస్యంగా ప్రచురించారు. అదే సంవత్సరం ఫ్రాన్సులో, ఆక్రమణ కాలంలోనే చాటుగా పుట్టిన ఎడిషన్స్ ద మినుయి సంస్థ వేసింది. యుద్ధం అయ్యాక 1946లో నార్వే రాజు హాకన్ స్టైన్‌బెక్‌కి స్వాతంత్ర్య పతకమిచ్చి గౌరవించాడు. తమ తలుపు తట్టే లాన్సరుని రోజూ చూస్తున్నవాళ్ళకి ఆ కల్నలు మెత్తగా అనిపించలేదు. ఊరి పేరు లేకపోవడం కూడా వాళ్ళకి లోటు కాలేదు. ఖాళీ ఉన్నచోట తమ ఊరి పేరు రాసుకున్నారు. ఆరుగురి పేర్లూ వాళ్ళకి తెలుసు.

తెలియనిది మనకి. క్షేమంగా ఇంట్లో కూర్చుని చదివేవాళ్ళకి ఆ ఖాళీ ఖాళీగానే మిగిలిపోతుంది. అందుకే హాలీవుడ్‌వాళ్ళు 1943లో సినిమా తీసినప్పుడు ఇది నార్వే అని చెప్పేశారు. అయితే నార్వే ఊరి కోసం వాళ్ళు వాడిన సెట్టింగు అంతకుముందు 'హౌ గ్రీన్ వజ్ మై వాలీ' కోసం వేసిన వేల్సు గని ఊరిది. పేరు పెట్టారు గాని ఊరు మళ్ళీ కల్పితమే.

అదే సంవత్సరం ఇంగ్లండులో హంఫ్రీ జెన్నింగ్స్ అనే దర్శకుడు 'ది సైలెంట్ విలేజ్' అని ముప్పై ఆరు నిమిషాల చిత్రం తీశాడు. స్టైన్‌బెక్ పుస్తకం పక్కన పెట్టి దీన్ని తప్పకుండా చూడాలి. పుస్తకం వచ్చిన మూడు నెలలకి, 1942 జూన్ 10న, చెకోస్లొవేకియాలో లిదిత్సె అనే ఊరిని జర్మనులు తుడిచిపెట్టారు. హైడ్రిష్ అనే నాజీ అధికారిని చంపినవాళ్ళతో ఆ ఊరికి సంబంధం ఉందని ఆరోపణ. సంబంధం లేదు. మగవాళ్ళు 173 మందిని ఒక రైతు దొడ్డిలో కాల్చేశారు. గోడకి తగిలిన తూటాలు వెనక్కి రాకుండా ఇళ్ళల్లోంచి పరుపులు తెచ్చి గోడకి ఆనించారు. ఆ పరుపుల సంగతి చదివిన తర్వాత నాకు మరే వివరమూ అక్కర్లేకపోయింది. అంతకుముందు రాత్రిదాకా వాళ్ళు పడుకున్న పరుపులవి. ఆడవాళ్ళని రావెన్స్‌బ్రూక్ శిబిరానికి పంపారు. పిల్లల్ని తల్లుల నుంచి వేరు చేశారు. ఇళ్ళు కాల్చి, పేల్చి, నేల చదును చేశారు. మేయరుని సంప్రదించడాలు, చట్టం గురించి సంభాషణలు అక్కడ ఏమీ లేవు. స్టైన్‌బెక్ ఊహించిన కల్నలు నిజానికి ఎంత వెనకబడిపోయాడో మూడు నెలల్లో తేలిపోయింది.

జెన్నింగ్స్ ఈ కథని చెప్పడానికి కల్పిత దేశం సృష్టించలేదు. వేల్సులో కుమ్‌గీయెద్ అనే నిజమైన గని ఊరికి వెళ్ళాడు. లిదిత్సె మగవాళ్ళలో కూడా గనుల్లో పని చేసేవాళ్ళున్నారు. నటీనటులు లేరు, ఆ ఊరివాళ్ళే తమ ఇళ్ళల్లో, తమ బట్టల్లో, తమ పేర్లతో లిదిత్సె వాళ్ళకి జరిగింది తమకి జరిగినట్టు చేసి చూపించారు. మొదటి భాగమంతా ఏమీ జరగదు. చర్చిలో పాట, వంటింట్లో పని, బడిలో పిల్లలు, గని నుంచి వచ్చే మగవాళ్ళు. తర్వాత లౌడు స్పీకరు పెట్టుకున్న నల్ల కారు ఊళ్ళోకి వస్తుంది. సైనికులని చూపించడు, ఆ గొంతు ఒక్కటే ఆజ్ఞలు చదువుతుంది. చివర మగవాళ్ళు గోడ ముందు వరసగా నించుని తమ జాతి గీతం పాడుతుంటారు. తుపాకులు వినబడతాయి. ఇక్కడా చావుని చూపించలేదు, నిజమే. కాని వరసలో నించున్న ప్రతి మొహమూ అంతకుముందు అరగంట మనం చూసిందే. వీడు ఫలానా ఇంటివాడు, ఈయన ఫలానా గదిలో కూర్చుని టీ తాగినవాడు. స్టైన్‌బెక్ ఆరుగురికి ఇవ్వనిది వీళ్ళకి దక్కింది.

ఆ చిత్రంలో బడి దృశ్యం ఒకటుంది. ఇక మీదట బడిలో వెల్షు భాష మాట్లాడకూడదని ఆజ్ఞ వచ్చింది. టీచరమ్మ పిల్లలకి ఆ సంగతి చెబుతూ, ఇంట్లోనైనా మీ భాష మాట్లాడుకోండి, మర్చిపోకండి అని బతిమాలుతుంది. సినిమాలో చిన్న దృశ్యం. తీసేనాటికి జెన్నింగ్స్‌కి లిదిత్సె పిల్లలకి ఏమైందో తెలిసే అవకాశం లేదు. యుద్ధం ముగిశాక తెలిసింది: 82 మంది పిల్లల్ని ఖెల్మ్నో అనే చోట విషవాయువుతో చంపేశారు. మరీ యెడారి రాతల్లాంటి ఆ కాగితాల అంకెకి మొహాలు ఇవ్వాలని చెక్ శిల్పి మరీయె ఉఖితిలోవా 1969 నుంచి ఇరవై ఏళ్ళు పని చేసి 82 మంది పిల్లల విగ్రహాలూ మలిచింది. 1989లో ఆవిడ పోయింది. కంచులో పోతపోయడం 2000లో పూర్తయింది. ఊరు ఉండిన చోట, నలభై ఇద్దరు ఆడపిల్లలు, నలభై మంది మగపిల్లలు, చిన్నా పెద్దా కలిసి గుంపుగా నించుని ఉంటారు.

శిబిరం నుంచి తిరిగి వచ్చిన తల్లులు 143 మంది. దొరికిన పిల్లలు పదిహేడుమంది. జర్మను ఇళ్ళల్లో పెంపకానికి ఇచ్చేసినవాళ్ళని ఒక్కొక్కరినే వెతికి తెచ్చారు. వాళ్ళల్లో కొందరికి చెక్ భాష రాదు. ఎదురుగా కూర్చున్న తల్లి ఏమంటోందో చెప్పడానికి పక్కన ఇంకొకరు కావలసి వచ్చింది.